తక్కువ సిమెంటుతో గట్టి గోడ కట్టాలంటే ముందు మేస్త్రీకి నేర్పండి

పర్యావరణానికి హాని చేయని భవనం అనగానే చాలామందికి సోలార్ ప్యానెళ్లు, ఖరీదైన అద్దాలు, గోడకు వేలాడే ఒక సర్టిఫికెట్ గుర్తొస్తాయి. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో లేచే ఇళ్లలో, బడుల్లో చాలా వాటికి వీటితో సంబంధమే ఉండదు. అక్కడ పని చేసేది ఒక చిన్న కాంట్రాక్టరు, ఆయన వెంట నలుగురైదుగురు మేస్త్రీలు, వాళ్లకు మాలు, అంటే సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద, అందించే కూలీలు. డ్రాయింగ్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుకే ఎంత మంచి మెటీరియల్ తెచ్చినా అది ఆ మేస్త్రీ చేతిలో ఏమవుతుందన్న దాన్నిబట్టే గోడ నిలుస్తుంది, లేదా పగులుతుంది. మట్టి ఇటుక పనికిరాదని పేరు పడ్డ చోట విచారిస్తే ఎక్కువసార్లు తప్పు ఇటుకది కాదు, దాన్ని ఎలా తయారు చేయాలో, ఎలా పేర్చాలో ఎవరూ నేర్పలేదు, అంతే.

ఇది చిన్న కాంట్రాక్టర్ల కోసం, సైట్ ఇంజనీర్ల కోసం, ఒక బడో ఆసుపత్రో కట్టించే బాధ్యత నెత్తిన పడ్డవాళ్ల కోసం రాస్తున్నాను.

కొత్తది తెచ్చే ముందు ఉన్న వృథా ఆపండి

ఒక వారం పాటు సైట్లో ఊరికే నిలబడి చూడండి. ఎవర్నీ కసరొద్దు, ఏదీ సరిచేయొద్దు, రాసుకోండి చాలు. దింపేటప్పుడు ఎన్ని ఇటుకలు పగులుతున్నాయి, సాయంత్రానికి ఎంత మాలు గట్టిపడిపోయి పారేస్తున్నారు, కాంక్రీటులో నీళ్లు ఎవరు పోస్తున్నారు, ఏ లెక్కన పోస్తున్నారు, నిన్న కట్టిన గోడను ఇవాళ ఎవరైనా తడిపారా లేదా. ఈ లిస్టు చేతికొచ్చాక మీ సైట్లో పర్యావరణం పని ఎక్కడ మొదలుపెట్టాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

సిమెంటు మీదే ఇంత పట్టుదల ఎందుకంటే, ప్రపంచంలో మనుషుల వల్ల విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీదే. బట్టీని 1450 డిగ్రీల దాకా వేడి చేయడానికి కాల్చే ఇంధనం దాంట్లో ఒక భాగమే, సగానికి పైగా సున్నపురాయి కాలి విడిపోయేటప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది. అంటే బట్టీలో ఏ ఇంధనం వాడినా ఆ భాగం తప్పదు. మీ సైట్లో ఒక బస్తా మిగిలితే అది నిఖార్సైన పొదుపు, డబ్బు కూడా మీదే.

నీళ్ల సంగతి చూడండి. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లంటే నీరు, సిమెంటు నిష్పత్తి 0.5. ఇసుకలో ఉన్న తడి కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అదే 35 లీటర్లు పోస్తే నిష్పత్తి 0.7 అవుతుంది, కాంక్రీటు బలంలో మూడో వంతు దాకా పోతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. కూలీ ఆ అదనపు బకెట్ ఎందుకు పోస్తాడు? కాంక్రీటు జారుడుగా ఉంటే పార తేలిగ్గా తిరుగుతుంది, చేతులు అంత లాగవు. బద్ధకం కాదది, రోజంతా ఆ పని చేసే ఎవరైనా అదే చేస్తారు. తర్వాత బలం చాలడం లేదని ఇంజనీరు ఇంకో బస్తా కలపమంటాడు, ఖర్చూ కాలుష్యమూ రెండూ పెరుగుతాయి. దీనికి మందు ఉపన్యాసం కాదు. బకెట్ లోపల పెయింటుతో గీత గీయండి. రెండు క్యూబులు, అంటే చిన్న కాంక్రీటు దిమ్మలు, పోయించండి, ఒకటి సరైన నీళ్లతో, ఇంకోటి వాళ్లకు అలవాటైనట్టు. రెండింటినీ ఒకేలా తడిపి, 7 రోజులయ్యాక అందరి ముందూ సుత్తి వాళ్ల చేతికే ఇచ్చి కొట్టమనండి. ఆ తర్వాత గీత గురించి మళ్లీ మళ్లీ చెప్పాల్సిన పని పెద్దగా ఉండదు.

ఇసుకలో ఇంకో మాయ ఉంది. కొంచెం తడిగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది, ఒక్కోసారి 20 నుంచి 30 శాతం దాకా. తట్టలతో కొలిచే సైట్లో దీని గురించి ఎవరికీ తెలియకపోతే ప్రతి కలుపులోనూ ఇసుక తక్కువ పడుతుంది, తెలియకుండానే సిమెంటు ఎక్కువ ఖర్చవుతుంది. ఒక డబ్బాలో మూడింట రెండు వంతులు తడి ఇసుక నింపి, నీళ్లు పోసి బాగా కలిపి వదిలేయండి. ఇసుక మట్టం ఎంత దిగిందో చూస్తే ఎంత ఉబ్బిందో తెలిసిపోతుంది. చదువు రానివాళ్లకు కూడా ఒక్కసారి చూపిస్తే చాలు.

క్యూరింగ్, అంటే కట్టినదాన్ని రోజుల తరబడి తడిగా ఉంచడం, దాని గురించి అందరికీ తెలుసు, ఎవరూ సరిగ్గా చేయరు. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు కాలగా మిగిలే సన్న బూడిద) కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఇది అందరి పని అయితే ఎవరి పనీ కాదు, కాబట్టి ఒక మనిషికి అప్పగించి, ఆ పనికి కూలి లెక్కగట్టి ఇవ్వండి. నీళ్లకు కటకటగా ఉన్న చోట తడి గోనెసంచుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే తక్కువ నీళ్లతో గడుస్తుంది.

ఒకే ఒక్క పద్ధతి ఎంచుకోండి

ఉత్సాహంలో మట్టి ఇటుక, సున్నం, వెదురు, వాన నీటి ట్యాంకు అన్నీ ఒకే బిల్డింగులో పెట్టేస్తారు. మేస్త్రీలకు ఏదీ చేతికి పట్టదు. మొదటి బిల్డింగుకి ఒకటే కొత్త సంగతి చాలు, మిగతాదంతా వాళ్లకు తెలిసిన పద్ధతిలోనే సాగనివ్వండి.

అన్నిటికన్నా తేలిక నా దృష్టిలో ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, గోడ మధ్యలో ఖాళీ వచ్చేలా కడతారు. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చారు. మామూలు గోడతో పోలిస్తే ఇటుకలు దాదాపు 25 శాతం తగ్గుతాయి, మాలు ఇంకా ఎక్కువ మిగులుతుంది, మధ్యలో గాలి ఉండటంతో లోపలికి వేడి కూడా తక్కువగా వస్తుంది. మేస్త్రీకి ఇటుక కొత్తది కాదు, తాపీ కొత్తది కాదు, పేర్చే తీరు మాత్రమే కొత్త. అయితే ఇటుకలు ఒకే సైజులో లేకపోతే ఈ జోలికే పోవద్దు. మొదటి వరస, కిటికీల కింద, లింటెల్ (తలుపు, కిటికీల మీది అడ్డ దూలం) దగ్గర, పైకప్పు కింద వరసలు ఖాళీ లేకుండా కట్టాలి. ఖాళీలో మాలు పడకుండా సన్న చెక్క అడ్డం పెట్టి పని చేయడం నేర్పాలి. కరెంటు పైపులు ఎక్కడ వెళ్తాయో ముందే తేల్చుకోండి, తర్వాత గోడను చెక్కడం మొదలుపెడితే పడ్డ కష్టమంతా పోతుంది. భూకంపాల భయం ఉన్న ప్రాంతమైతే ఆ ఖాళీల్లోనే నిలువు రాడ్లు దింపి కాంక్రీటు పోయొచ్చు, కానీ ఎక్కడెక్కడ దింపాలో ఇంజనీరు చెప్పాల్సిందే.

రెండోది మట్టిని మెషీన్లో నొక్కి చేసే ఇటుక. కాల్చే పని లేదు, 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపితే చాలు. చేత్తో నడిచే ఇలాంటి యంత్రం, సిన్వా రామ్, 1950ల్లోనే కొలంబియాలో పుట్టింది. ఇక్కడ అసలు నైపుణ్యం యంత్రం నడపడంలో లేదు, మట్టిని గుర్తుపట్టడంలో ఉంది. పైపొర మట్టి పనికిరాదు, దాంట్లో ఆకులు, వేర్లు కుళ్లి ఉంటాయి. కింది మట్టి తీసి, గాజు సీసాలో మూడో వంతు పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ముందు గులక, ఇసుక దిగుతాయి, తర్వాత ఒండు, చివర్లో బంకమన్ను, దానికి ఒక రోజు పట్టొచ్చు. ఇసుక పాలు సగం దాకా, బంకమన్ను అయిదో వంతు దగ్గర ఉంటే బాగున్నట్టే. బంక ఎక్కువైతే ఇసుక కలపాలి, లేదా సిమెంటు బదులు సున్నం వాడాలి. ఈ పరీక్ష మీరు చేసి చూపించి ఊరుకోవద్దు, ప్రతి మేస్త్రీ చేత విడిగా చేయించండి. చేసిన ఇటుకల్ని నీడలో, తడి ఆరకుండా కప్పి ఉంచాలి, పూర్తి బలానికి 28 రోజులు ఆగాలి. ఈ ఆగడమే చాలామందికి చేతకాదు.

మూడో దారి, క్లింకర్ తక్కువగా ఉన్న సిమెంటు. సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే గడ్డలే క్లింకర్, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. ఫ్లై యాష్ కలిసినది చాలాచోట్ల దొరుకుతుంది. కాల్చిన బంకమన్ను, సున్నపురాయి పొడి కలిపి చేసే ఎల్‌సీ3లో క్లింకర్ సుమారు సగమే ఉంటుంది, దాంతో కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. మేస్త్రీ చేసే పని ఏమీ మారదు, కానీ ఫ్లై యాష్ సిమెంటు మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలన్నది మాత్రం వాళ్లకు గట్టిగా చెప్పాలి.

నేర్పడం, అసలు కష్టమైన పని

క్లాసులో కూర్చోబెట్టి స్లైడ్లు వేయడం దండగ. రోజుకూలి మనిషికి ట్రైనింగ్ రోజు అంటే కూలి పోయిన రోజు. కాబట్టి మొదటి షరతు, నేర్చుకునే రోజుల్లో పూర్తి కూలి ఇవ్వాలి. రెండోది దీనికన్నా ముఖ్యం, కొత్త పద్ధతి నడిచే మొదటి కొన్ని వారాలు చదరపు అడుగుల లెక్కన గుత్తకు ఇవ్వొద్దు, రోజు లెక్కన ఇవ్వండి. కొత్త బాండ్ కట్టేటప్పుడు చేయి నెమ్మదిగానే సాగుతుంది, గుత్త రేటు మీద ఉన్నవాడికి ప్రతి వరసా నష్టమే, రెండో రోజుకే పాత పద్ధతికి వెళ్లిపోతాడు. అతన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. చాలా పైలట్ ప్రాజెక్టులు ఇక్కడే మునుగుతాయి, రిపోర్టులో మాత్రం మేస్త్రీలకు ఆసక్తి లేదని రాస్తారు.

ముందుగా ఒక మూల, ఒక కిటికీ వచ్చేలా చిన్న నమూనా గోడ కట్టించండి. కట్టాక దాన్ని కూల్చేయండి. కూల్చేటప్పుడే లోపల మాలు ఎక్కడ పట్టింది, ఎక్కడ పట్టలేదు అన్నది బయటపడుతుంది. ఇటుకలు శుభ్రం చేసి మళ్లీ కట్టించండి, మూల సరిగ్గా కుదిరే దాకా. నేర్పేవాడు కూడా తాపీ పట్టినవాడే అయ్యుండాలి, ఒక్కరి కింద ఇద్దరు ముగ్గురు మేస్త్రీలకు మించి వద్దు. తర్వాత పెద్ద బిల్డింగులో వీళ్లను ఒకే చోట ఉంచకుండా ఒక్కో గోడకు ఒక్కొక్కర్ని పెద్ద మేస్త్రీగా పెట్టండి, పక్కవాడికి చెప్పాల్సి వచ్చినప్పుడే మనకు ఎంత వచ్చో తెలుస్తుంది. కొలతలు కాగితం మీద వద్దు. వరస ఎత్తుకు గీతలున్న కర్ర, కలుపుకు గీతలున్న డబ్బా ఇవ్వండి, గోడ నిలువు చూసే తూకపు గుండు, మట్టం చూసే రసమట్టం ప్రతి మేస్త్రీ దగ్గరా ఉండేలా చూడండి.

ఇలా నేర్పి కట్టి చూపించిన చోట్లు ఉన్నాయి. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో 2001లో పూర్తయిన ప్రైమరీ స్కూల్ చూడండి. డిజైన్ చేసిన ఫ్రాన్సిస్ కెరే ఆ ఊరివాడే, 2022లో ఆర్కిటెక్టులకిచ్చే ప్రఖ్యాత ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. మట్టి ఇటుకల గోడలు, వాటి మీద ఎత్తుగా లేపిన రేకుల కప్పు, మధ్యలోంచి గాలి పోతుంది. క్రేన్లు లేని చోట పెద్ద దూలాలు ఎలా ఎత్తుతారని ఆలోచించి, మామూలు ఇనుప కడ్డీలను కోసి చిన్న వెల్డింగ్ మిషన్‌తో అతికించేలా కప్పు డిజైన్ చేశాడు, ఊరివాళ్లకు ఆ పని నేర్పాడు. డిజైన్ ముందు గీసి మనుషుల్ని వెతకడం కాదు, ఉన్న మనుషులు ఏం నేర్చుకోగలరో చూసి గీశాడు. అదే దేశంలో న్యూబియన్ వాల్ట్ సంస్థ 2000 నుంచి కలప, రేకు అక్కర్లేని మట్టి కమాను కప్పులు కట్టించడం నేర్పుతోంది. నిజమైన సైట్ల మీద, మేస్త్రీ వెంట శిష్యుడిగా పనిచేస్తూ నేర్చుకుంటారు. వానలు లేని, పొలం పని లేని నెలల్లో ఆ పని సాగుతుంది. మీరూ ట్రైనింగ్ తేదీలు పెట్టే ముందు మీ కూలీలు ఏ నెలల్లో పొలానికి వెళ్తారో కనుక్కోండి.

మాలు మోసేవాళ్లను మర్చిపోవద్దు

చాలా దేశాల్లో ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఇటుకలు, మాలు మోస్తూనే ఉంటారు, తాపీ మాత్రం చేతికి రాదు. కొత్త పద్ధతి తెచ్చేటప్పుడు దీన్ని మార్చడం తేలిక, ఎందుకంటే కొత్త పని ఫలానావాళ్లదే అని ఇంకా ఎవరూ ముద్ర వేయలేదు. మట్టి పరీక్ష, కలుపు కొలత, ఇటుకల నాణ్యత చూడటం మొదటి రోజు నుంచే వాళ్లకు అప్పగించి, దాంతో పాటే కూలి కూడా పెంచండి. కూలి పెంచకుండా బాధ్యత పెంచితే అది దోపిడీయే, దానికి వేరే పేరు లేదు. సైట్లో మరుగుదొడ్డి, నీడ, పిల్లల్ని ఉంచే చోటు లేకపోతే ఈ పేరా మొత్తం వృథా.

భద్రత ట్రైనింగులో భాగమే. ఇటుక, రాయి కోసేటప్పుడు లేచే సన్న ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, అది నయం కాదు. తడిపి కోయాలి, మాస్కు పెట్టుకోవాలి. సున్నంతో పని చేసేటప్పుడు కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

నేర్చుకున్నాక వెళ్లిపోతే?

వెళ్తారు. కొందరు వెళ్లకుండా ఉండరు, దానికి భయపడి నేర్పకపోతే మీ సైట్లో మిగిలేది నేర్చుకోనివాళ్లే. చేయగలిగిందల్లా మూడు పనులు. పని వచ్చిన మేస్త్రీకి రేటు పెంచడం, ఏం నేర్చుకున్నాడో, ఏ గోడ కట్టాడో ఫొటోలతో సహా ఒక కార్డు మీద రాసి సంతకం పెట్టి ఇవ్వడం, మీ దేశంలో అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ పథకం ఉంటే అక్కడికి పంపడం. ఆ కార్డు పట్టుకుని ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆ పద్ధతి ఇంకో సైట్లో మొదలైనట్టే.

ఇంటి యజమానిని కూడా ఒప్పించాలి, మట్టి ఇటుక అంటే పేదవాళ్ల ఇల్లు అన్న అభిప్రాయం చాలా గట్టిది. ఒక ఇటుకను రాత్రంతా నీళ్లలో ఉంచి పొద్దున తీసి చేతికివ్వండి, ల్యాబులో పగలగొట్టిన రిపోర్టు చూపించండి, వీలైతే ఇప్పటికే కట్టిన ఇంట్లోకి మధ్యాహ్నం ఎండలో తీసుకెళ్లండి. పునాది నేలకన్నా ఎత్తుగా ఉండాలని, చూరు బయటికి రావాలని, ఈ రెండూ తగ్గిస్తే మీరు హామీ ఇవ్వరని ఒప్పందంలోనే రాసుకోండి.

చివరి బిల్లులో కొంత సొమ్ము మొదటి వానాకాలం దాటేదాకా ఆపుకునేలా యజమానితో ముందే మాట్లాడుకోండి, అప్పుడు ఆయనకు ధైర్యం, మీకు మళ్లీ వెళ్లడానికి కారణం. వెళ్లేటప్పుడు గోడ కట్టిన మేస్త్రీలనే వెంట తీసుకెళ్లండి, ఆ రోజుకు కూలి ఇచ్చి. గోడ అడుగున తడి ఎక్కడి దాకా ఎక్కింది, కిటికీ మూలల్లో పగుళ్లున్నాయా, చూరు నీళ్లు ఎక్కడ పడుతున్నాయి, వాళ్లనే చూసి చెప్పమనండి. వాళ్లు చెప్పినవన్నీ తర్వాతి బ్యాచ్‌కి నేర్పే పాఠంలో చేర్చండి.