రెండు శిఖరాలు చూపిన క్యూబిట్

మిర్యాలగూడలో ఇంటినుంచే క్లౌడ్‌లో క్వాంటం కంప్యూటర్ వాడుత. దాంట్ల 0, 1 దాచే చిన్న భాగమే క్యూబిట్. దాని ఫ్రీక్వెన్సీ మనం పంపే పల్స్ ఫ్రీక్వెన్సీకి ఎంత తప్పిందో చూద్దామని రామ్సే ప్రయోగం (ఒక పల్స్ కొట్టి, కాసేపు ఆగి, ఇంకో పల్స్ కొట్టి 0 నా 1 నా చూసుడు) చేసి, బేసియన్ లెక్క (కొలతలను బట్టి ఏ విలువకు ఎంత అవకాశమో చెప్పేది) వేసిన. ఒక్క శిఖరం రావాల్సిన గ్రాఫ్‌లో రెండొచ్చినయ్: సున్నాకు అటొకటి, ఇటొకటి, సమానమైన ఎత్తుల. షాట్లు (అదే ప్రయోగం మళ్లమళ్ల చేసుడు) 1000 నుంచి 4000 చేసిన. శిఖరాలు సగం సన్నబడ్డయ్ గానీ రెండూ పోలే. పైసలు దండుగ.

రాత్రి రైస్‌మిల్లుల మినుకుమనే పాత ట్యూబ్‌లైట్ కింద, ముందుకు తిరిగే చక్రం ఎనక్కి తిరిగినట్టు కనబడ్డది. అప్పుడు తట్టింది: రామ్సేల వచ్చే సంకేతం కొసైన్ అల; కొసైన్‌కు ప్లస్సైనా మైనస్సైనా ఒక్కటే. తప్పు ఎంతనో చెప్తది, ఎటుదిక్కో చెప్పది.

అసలు తప్పు ఎటున్నా మొత్తం తేడా సున్నాకు ఒక్కదిక్కే పడేటట్టు, కావాలనే పల్స్ ఫ్రీక్వెన్సీని 1 మెగాహెర్ట్జ్ పక్కకు జరిపిన. ట్యూబ్‌లైట్ చక్రం లెక్క మోసపోకుండ, పల్స్‌ల నడుమ ఆగే సమయాలు సమానంగ కాక ఎగుడుదిగుడుగ పెట్టిన. ఒక్క శిఖరమే మిగిలింది. యంత్రం 1ని 0గా చదివే పొరపాటును గూడ వేరేగ కొలిచి మోడల్‌ల కలిపిన.