గల్ఫ్ జీతం ఇంటికి సరిపోతుందా? పాస్‌పోర్టు ఏజెంటు చేతికి ఇచ్చే ముందే లెక్క తేల్చుకోవడం ఎలా?

ఏజెంటు చెప్పే లెక్క ఒకటే. నెలకు 1,800 దిర్హాములు, దిర్హాముకు 23 రూపాయలు, మొత్తం 41,400. దేవరకొండలోనో మక్తల్‌లోనో పొద్దున్నే అడ్డా మీద నిలబడే మనిషికి ఈ అంకె చెవిన పడితే ఆశ పుట్టడం సహజం. కానీ అందులో ఇంటికి చేరేదెంత, బాకీ ఎప్పటికి తీరుతుంది అన్నది ఏజెంటు చెప్పడు. అది మనమే వేసుకోవాలి. మన ఊళ్ల నుంచి పోయినవాళ్ల జీతాన్ని మింగేది దుబాయ్ ఖర్చు ఒక్కటే కాదు, పోవడానికి ఇక్కడ తెచ్చిన అప్పు మీద మిత్తి కూడా. కాబట్టి లెక్క రెండు వైపుల నుంచీ వేయాలి.

కావలసింది ఒక నోటుబుక్కు, ఆఫర్ లెటర్ కాపీ, ఇంట్లో ఖర్చులు చూసే మనిషి పక్కన ఉండటం. ఆఫర్ లెటరే చూపించకపోతే లెక్క అక్కడితో ఆపేయండి, ముందు ఆ కాగితం అడగండి.

మొదటి పని: జీతాన్ని ముక్కలు చేయండి

1,800 అని నోటితో చెప్పిన జీతం సాధారణంగా మూడు ముక్కలుగా ఉంటుంది. ఉదాహరణకు బేసిక్ (మూల జీతం) 1,000, ఫుడ్ అలవెన్సు 300, మిగతా 500 "ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) వస్తుంది" అన్న మాట. రాతలో ఉన్నది 1,300 మాత్రమే. లెక్క ఆ 1,300 మీదే వేయాలి.

ఓటీ నిజంగా ఎంత రావచ్చో మీరే చూసుకోవచ్చు. యూఏఈ చట్టం ప్రకారం ఓటీ లెక్క బేసిక్ మీద, అదనంగా 25 శాతం. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. బేసిక్ 1,000ని 30 రోజులతో, ఆపైన 8 గంటలతో భాగిస్తే గంటకు 4.17 దిర్హాములు. 25 శాతం కలిపితే సుమారు 5.20. మామూలుగా రోజుకు రెండు గంటలకు మించి ఓటీ చేయించకూడదు. 26 రోజులు పూర్తిగా దొరికినా నెలకు 270 దిర్హాముల దగ్గరే ఆగుతుంది. ఏజెంటు చెప్పిన 500 ఈ లెక్కలో ఎక్కడా రాదు.

బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు పెంచి చూపే ఆఫర్ ఇంకో చోట కూడా దెబ్బతీస్తుంది. పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. యూఏఈలో ఏడాది నిండాక, మొదటి ఐదేళ్లూ ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇస్తారు. బేసిక్ 1,000 ఉంటే రెండేళ్లకు 1,400 దిర్హాములు, 600 ఉంటే 840. రెండు ఆఫర్లలో మొత్తం జీతం ఒకటే అయితే బేసిక్ ఎక్కువున్నదే మంచిది, ఇందులో అనుమానం అక్కర్లేదు.

మారకం రేటు గురించి ఒక మాట. దిర్హామును డాలరుకు 3.6725 దగ్గర, సౌదీ రియాల్‌ను 3.75 దగ్గర, ఖతార్ రియాల్‌ను 3.64 దగ్గర స్థిరంగా కట్టేశారు. మారేది మన రూపాయే. ఈ రోజు రేటు కన్నా ఒక రూపాయి తగ్గించి లెక్క వేస్తే తర్వాత ఇబ్బంది ఉండదు. ఇక్కడ లెక్కలన్నీ 23తో వేశాం. ఒమన్ ఆఫర్‌లో 150 రియాల్ అని చూసి చిన్న జీతం అనుకోవద్దు. ఒమన్ రియాల్ ఒక్కటీ సుమారు 2.60 డాలర్లు, అంటే 150 రియాల్ దాదాపు 1,430 దిర్హాములతో సమానం.

రెండో పని: అక్కడ బతకడానికి ఎంత

ఇక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న రూము ఎవరిది అని. దుబాయ్‌లో సోనాపూర్‌లాంటి చోట కంపెనీ క్యాంపు, డ్యూటీకి కంపెనీ బస్సు ఉంటే రెండు పెద్ద ఖర్చులు తప్పుతాయి. రూము మీదే అయితే డేరా, సత్వాల్లో బెడ్ స్పేస్ (పంచుకునే రూములో ఒక మంచం) ఎంత పలుకుతోందో అక్కడున్న మన ఊరి మనిషిని ఫోన్‌లో అడగండి, అతను ఈ నెల కట్టిన అద్దె ఎంతో అడగండి. పోయినేటి రేటు పనికిరాదు.

రూము, బస్సు కంపెనీవే అనుకుందాం. నలుగురైదుగురు కలిసి మెస్ పెట్టుకుని వండుకుంటే తిండికి 400, ఫోన్ రీచార్జికి 60, సబ్బులు, కటింగు, బట్టలు, సెలవు రోజు బయటికి పోవడం అన్నీ కలిపి 100, డబ్బు పంపే చార్జీ 25, మందులకు 50. మొత్తం 635. ఇవి మన ఉదాహరణ అంకెలు, మీ మనిషి చెప్పిన అంకెలు ఇక్కడ పెట్టుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి: ఫుడ్ అలవెన్సు 300 ఇస్తున్నారంటే తిండి 300లో అయిపోతుందని కాదు. ఆ ముప్పై రోజులూ మూడు పూటలూ తినాలి.

1,300లోంచి 635 తీసేస్తే 665 దిర్హాములు మిగులుతాయి. రూపాయల్లో 15,295. ఏజెంటు చెప్పిన 41,400 ఎక్కడ, ఇది ఎక్కడ!

మూడో పని: మిత్తి

వీసాకు లక్షా ఇరవై వేలు అడిగారు, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చారు అనుకుందాం. నెలకు మిత్తే 3,600. ఏడాదికి 36 శాతం. మిగిలిన 15,295లోంచి ఇది పోతే 11,695. ఇంటికి తిండి, పిల్లల ఫీజులు, కరెంటు బిల్లు, డ్వాక్రా కిస్తీ కలిపి పది వేలు కావాలంటే అసలుకు జమ చేయడానికి మిగిలేది 1,695. ఈ లెక్కన రెండేళ్ల అగ్రిమెంటు అయిపోయినా బాకీలో సగానికి పైగా అలాగే ఉంటుంది.

ఇప్పుడు అప్పు సైజు మార్చి చూడండి. మిత్తీ అసలూ కలిపి నెలకు 8,600 కట్టగలిగిన మనిషికి లక్షా ఇరవై వేల బాకీ తీరడానికి 19 నెలలు పడుతుంది. బాకీ 50,000 అయితే ఏడు నెలలు. జీతం అదే, మనిషి అతనే, ఏజెంటుకు ఇచ్చిన సొమ్ము మారింది, అంతే.

మా లెక్క ప్రకారం 24 నెలల అగ్రిమెంటులో బాకీ పది నెలల్లో తీరిపోవాలి. ఎందుకంటే మొదటి జీతం చేతికి రావడానికే నెలన్నర పట్టడం మామూలు, ఆ నెలన్నరా మిత్తి మాత్రం ఆగదు. మధ్యలో ఒళ్లు బాగాలేకపోయినా, కంపెనీలో పని తగ్గినా తట్టుకునే వీలుండాలి. 19 నెలలు తేలితే ఆ ఆఫర్ వద్దనుకోవడమే మేలు.

అసలు అంత ఎందుకు కట్టాలి? భారత ప్రభుత్వ నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తన సేవకు తీసుకోవలసింది 30,000 రూపాయలకు మించకూడదు. 18 శాతం జీఎస్టీ కలిపినా 35,400. దానికి రసీదు ఇవ్వాలి. యూఏఈ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంటు ఖర్చులు పెట్టుకోవలసింది కంపెనీయే. పదో తరగతి పాస్ కానివాళ్లది ఈసీఆర్ పాస్‌పోర్టు (అంటే పనికి పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావలసినది), గల్ఫ్ పోవాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్ ద్వారా క్లియరెన్సు తప్పనిసరి. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, కవరేజీ పది లక్షలు. ఏజెంటు లైసెన్సు నంబరును ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడవచ్చు. ఊళ్లో తిరిగే మధ్యవర్తికి లైసెన్సు ఉండదు, "హైదరాబాద్ ఆఫీసు తరఫున" అన్నా అతని చేతికి పైసలు ఇవ్వొద్దు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, ముందు అక్కడ అడిగి చూడండి.

నాలుగో పని: లెక్కను తిరగేయండి

ఈ జీతం సరిపోతుందా అని కాకుండా, నాకు ఎంత కావాలి అని మొదలుపెడితే దారి తేటపడుతుంది. ఇంటికి 10,000, బాకీకి 8,600, మొత్తం 18,600. 23తో భాగిస్తే 809 దిర్హాములు. అక్కడి ఖర్చు 635, ఆపదకు 100 కలిపితే 1,544. అంటే ఓటీ లేకుండా, రాతలో, 1,550 ఉండాలి. చేతిలో ఉన్న ఆఫర్ 1,300. తక్కువైన 250 ఓటీతో పూడుతుందని ఆశ పెట్టుకోవద్దు, పని తగ్గినప్పుడు కంపెనీ ముందు ఆపేది ఓటీనే.

ఇక్కడి సంపాదనతో కూడా పోల్చండి. మేస్త్రీ పనిలో రోజుకు 800 చొప్పున నెలకు 20 రోజులు దొరికితే 16,000. మనిషి తిండికి 3,000 తీసేసినా ఇంటికి 13,000 దాకా మిగులుతుంది. అక్కడ మిగిలేది 15,295, అందులోంచి మిత్తి 3,600. ఇంటి దగ్గర ఉండి సంపాదించేదే ఎక్కువ. బేసిక్ 1,600 ఉండి, అప్పు 40,000 లోపు ఉంటే మాత్రం లెక్క పూర్తిగా తిరగబడుతుంది, అప్పుడు నిశ్చింతగా వెళ్లవచ్చు.

ఖతార్ ఆఫర్ అయితే పరీక్ష తేలిక. 2021 మార్చి నుంచి అక్కడ కనీస బేసిక్ 1,000 రియాల్స్. రూము ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలి. అంతకన్నా తక్కువ రాసి ఉంటే ఆ కాగితంలోనే తప్పుంది.

కుటుంబాన్ని తీసుకుపోయే ఆలోచన ఉంటే

ఇది వేరే లెక్క, పెద్ద లెక్క. యూఏఈలో భార్యాపిల్లలను పిలిపించుకోవాలంటే జీతం కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు ఉండాలి. అది అనుమతికి సరిపోయే జీతం, బతకడానికి సరిపోయేది కాదు. దుబాయ్‌లో ఫ్లాటు తీసుకుంటే కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు డిపాజిటే 2,000. అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు ఆ బిల్లులోనే నెలనెలా వస్తుంది. సౌదీలో కుటుంబ సభ్యుడికి నెలకు 400 రియాల్స్ ఫీజు. భార్య, ఇద్దరు పిల్లలు అంటే ఏడాదికి 14,400, ఇకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) రెన్యువల్‌తో పాటు కట్టాలి. దీనిపైన స్కూలు ఫీజులు వేరు.

సంతకం పెట్టే ముందు

యూఏఈ ఆఫర్ లెటర్ హిందీ, ఉర్దూల్లో కూడా అడగవచ్చు. మనలో చాలామందికి ఇంగ్లిష్ కన్నా ఉర్దూ మాట చెవికి తేలిగ్గా ఎక్కుతుంది, తెలిసినవాళ్లతో గట్టిగా చదివించుకుని వినండి. బేసిక్, డ్యూటీ గంటలు, రూము, తిరుగు టికెట్ అన్న నాలుగూ చూడండి. అక్కడ దిగాక వేరే కాగితం పెట్టి సంతకం అడిగితే పాత కాపీయే మీ ఆధారం. ఫోన్‌లో ఒక ఫోటో, ఇంట్లో ఒక జిరాక్సు ఉండాలి. విజిట్ వీసా మీద పోయి పని చూసుకోమంటే ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద పని చేయడమే నేరం, జీతం ఎగ్గొట్టినా అడిగే దారి ఉండదు.

బయలుదేరే ముందు బ్యాంకులో ఎన్ఆర్ఐ ఖాతా సంగతి మాట్లాడుకోండి. ఇంటి ఖర్చుకు ఒక ఖాతా, బాకీకి ఇంకొకటి పెట్టుకుని ఏ నెల ఎంత అన్నది ముందే రాసుకోండి. అప్పు ఇచ్చినవారికి కట్టిన ప్రతిసారీ ప్రాంసరీ నోటు వెనక తేదీతో జమ రాయించి, మీ తరఫు మనిషితో ఫోటో తీయించి పంపించుకోండి. చివరి జమ అయిన రోజే అసలు నోటు మీ ఇంటికి రావాలి.