పలాస జీడిపప్పు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు

మా పలాసలో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అంటే ఎవరికైనా తెలుసు. హైదరాబాద్‌లో కూర్చుని కొనే ఆవిడకు ఎలా తెలుస్తుంది? నేను మొదట్లో గ్రేడు నంబరు ఒక్కటే పెట్టాను. రోజంతా ఫోన్లే. ఇప్పుడు పక్కనే ఇలా రాస్తున్నాను: ‘పౌనుకి, అంటే 454 గ్రాములకి, సుమారు 320 గుండు పప్పులు తూగుతాయి. నంబరు తగ్గేకొద్దీ పప్పు పెద్దది.’ అరచేతిలో నాలుగు పప్పులు పెట్టుకుని పగటి వెలుగులో ఫొటో తీయండి, సైజు ఇట్టే తెలిసిపోతుంది. బద్దలకు వేరే ఫొటో పెట్టాలి.

డెలివరీ ఛార్జీ ధర కిందే చూపించండి. డబ్బు కట్టే దగ్గర 80 రూపాయలు కలిపితే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. అకౌంటు తెరవమని బలవంతపెట్టొద్దు. పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్‌తో అడ్రస్ చాలు. చివరగా, సిగ్నల్ సరిగా లేని చోట నిలబడి మీ షాపులో మీరే ఒక ఆర్డరు పెట్టి చూడండి.