ఆరుబయటి నుంచి రేడియో కాంటెస్టు: క్లబ్బుగా పాల్గొనే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని అమెచ్యూర్ రేడియో (లైసెన్సుతో అభిరుచి కోసం నడిపే రేడియో) క్లబ్బు ఏదైనా ఊరి బయట డేరా వేసి కాంటెస్టులో పాల్గొనాలనుకుంటే ముందుగా ఏ కాంటెస్టు అన్నది తేల్చుకోవాలి. కాంటెస్టు అంటే నిర్ణీత సమయంలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడి పాయింట్లు సంపాదించే పోటీ. ఆరుబయటి రేడియో అనగానే అందరికీ ఫీల్డ్ డే గుర్తొస్తుంది. 1933లో అమెరికాలో మొదలైన ఆ కార్యక్రమం ఏటా జూన్ నాలుగో పూర్తి వారాంతంలో జరుగుతుంది. మనతో మాట్లాడినందుకు అక్కడివారికి పాయింట్లు వస్తాయి గాని, మనం పోటీదారులుగా లాగ్ (ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న పట్టిక) పంపే వీలు లేదు. అక్టోబరు, నవంబరు నెలాఖరుల్లో వచ్చే సీక్యూ వరల్డ్ వైడ్ పోటీలు ప్రపంచమంతటికీ తెరిచినవే అయినా, 48 గంటలు సాగుతాయి. పైగా అవి మన తీరానికి ఈశాన్య రుతుపవనాలూ తుపాన్లూ వచ్చే రోజులు. అందువల్ల కొత్త క్లబ్బుకు జూలై రెండో పూర్తి వారాంతంలో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘం జరిపే ఐఏఆర్‌యూ హెచ్‌ఎఫ్ చాంపియన్‌షిప్ తగినదని నా అభిప్రాయం. అది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం శనివారం 12 గంటలకు, అంటే మన సాయంత్రం అయిదున్నరకు మొదలై ఆదివారం అదే వేళకు ముగుస్తుంది. శనివారం పగలంతా స్తంభాలు నిలపడానికి మిగులుతుంది.

ఈ పోటీలో పలువురు ఆపరేటర్లు కలిసి పాల్గొనే విభాగానికి ఒకే ట్రాన్స్‌మిటర్ ఉండాలి. ఒక బ్యాండుకో (ఫ్రీక్వెన్సీల శ్రేణి), మాట, మోర్స్ వంటి మోడ్‌కో మారితే కనీసం 10 నిమిషాలు అక్కడే ఉండాలి. ఈ నిబంధన చిన్న క్లబ్బుకు అడ్డంకిగా కనిపించినా నిజానికి మేలే చేస్తుంది, ఎందుకంటే రెండు రేడియోలు పక్కపక్కన ఒకదాన్నొకటి చెవిటిదాన్ని చేసే బెడద ఉండదు, ఉన్న సామానంతా ఒకే మంచి స్టేషనుకు పనికొస్తుంది.

లైసెన్సుల సంగతి వారాల ముందే చూసుకోవాలి. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం క్లబ్బుకు గుర్తింపు పేరుగా ఇచ్చిన కాల్‌సైన్ ఉంటే దానితోనే పాల్గొనవచ్చు. జనరల్, రిస్ట్రిక్టెడ్ గ్రేడుల వారికి అనుమతించిన పవర్ వేరు కాబట్టి మైకు ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ లైసెన్సు ఇచ్చిన హద్దులోనే ఉండాలి. లైసెన్సు ఇంకా రానివారికి ట్రాన్స్‌మిట్ చేసే అవకాశం లేదు. అయితే వినడం, లాగ్ రాయడం, యాంటెన్నా దించి ఎత్తడం వంటి పనులకు వారే కావాలి. స్టేషను చిరునామా మారినప్పుడు పాటించవలసిన షరతులను లైసెన్సు పత్రంలోనే చదువుకొని, పత్రాల నకళ్లు వెంట ఉంచుకోవాలి. స్థలం యజమాని అంగీకారంతో పాటు స్థానిక పోలీసు స్టేషనుకూ, తీరమైతే మెరైన్ పోలీసులకూ రాతపూర్వకంగా తెలియజేయడం తప్పనిసరి అనుకోండి. చీకట్లో సముద్రం ఒడ్డున తీగలు వేలాడదీసి ఏవో అంకెలు చెప్పుకుంటున్న మనుషులను చూసి ఎవరికైనా అనుమానం రావడం సహజం. కృష్ణపట్నం ఓడరేవు పరిసరాలకూ, శ్రీహరికోట వైపుకూ అసలు వెళ్లకపోవడం మంచిది.

కొత్తపట్నం, మైపాడు వంటి చోట్ల ఒడ్డున ఉన్న సరుగుడు తోటలు మనకు నీడనూ కర్రలనూ ఇస్తాయి. కానీ ఆ పరిసరాల్లోనే రొయ్యల చెరువులున్నాయి. నీటికి గాలి పట్టించడానికి రాత్రంతా తిరిగే ఏరియేటర్ మోటార్లు, వాటికి వెళ్లే కరెంటు తీగల వదులు జాయింట్లు రేడియోలో ఎడతెగని గరగర పుట్టించగలవు. అందుచేత స్థలం ఖరారు చేసేముందు బ్యాటరీతో నడిచే రిసీవరును అక్కడికి తీసుకువెళ్లి, 7, 14 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో చీకటిపడ్డాక ఒక గంట వినాలి. పగలు నిశ్శబ్దంగా ఉన్న చోటు రాత్రి అలాగే ఉంటుందనుకోకూడదు. ఉప్పునీటి అంచున నిలువు యాంటెన్నా పెడితే తరంగాలు తక్కువ కోణంలో బాగా వెళతాయి. నీటికి దూరంగా జరిగేకొద్దీ ఆ లాభం తగ్గుతుంది.

ఎక్కువ క్లబ్బులకు తీగ డైపోల్, అంటే నడుమ కేబులు కలిపిన రెండు సమాన తీగల యాంటెన్నా, చాలు. మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 143ను మెగాహెర్ట్జ్‌తో భాగించాలి: 7.1కి సుమారు 20.1 మీటర్లు, 14.2కి సుమారు 10.1 మీటర్లు. తీగను కాస్త ఎక్కువగానే కోసి, పైకెత్తి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు (యాంటెన్నా రేడియోకు ఎంత సరిపోయిందో చూపేది) చూస్తూ రెండు కొసలనూ సమానంగా కత్తిరించుకుంటూ రావాలి. 7 మెగాహెర్ట్జ్ డైపోల్ మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ) మీద 21లో కూడా పనిచేస్తుంది, దానికి ట్యూనరు తోడుంటే చాలు. 14 మెగాహెర్ట్జ్ తీగను 10 మీటర్ల ఎత్తుకు ఎత్తగలిగితే అది అర తరంగదైర్ఘ్యం అవుతుంది. దూరదేశాలకు ఆ ఎత్తు ఎంతో తేడా చేస్తుంది. ఇక్కడి నుంచి యూరప్ వాయవ్యంలో, ఆస్ట్రేలియా ఆగ్నేయంలో ఉన్నాయి కనుక తీగ కొసలను ఈశాన్య నైరుతి దిక్కులకు కడితే రెండు వైపులకూ ఒకే యాంటెన్నా సరిపోతుంది. అయితే జపాన్ సరిగ్గా కొస వైపు పడుతుంది. దానికి అడ్డంగా మరో తీగ కట్టుకోవాలి.

రెండు సరుగుడు కర్రలను ఒక మీటరైనా జోడించి మూడు చోట్ల బిగించి కడితే స్తంభం తయారవుతుంది. ఇసుకలో మేకులు నిలవవు. ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, మోకాలి లోతు గుంటలో పాతి, నాలుగు వైపులా లాగుడు తాళ్లను వాటికి కట్టాలి. తాళ్లకు తెల్ల గుడ్డపీలికలు కట్టకపోతే రాత్రి ఎవరో ఒకరు తట్టుకొని పడతారు. స్తంభం ఏ వైపు కూలినా కరెంటు తీగకు తగలనంత దూరం ఉండాలి. ఈ ఒక్క నియమంలో సర్దుబాటు లేదు.

100 వాట్ల రేడియో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు, వినేటప్పుడు ఒక ఆంపియరు చుట్టుపక్కల తీసుకుంటుంది. మాటల మధ్య విరామాలు, వినే సమయం కలుపుకుంటే 24 గంటలకు 100 నుంచి 120 ఆంపియర్ గంటలు పట్టవచ్చు. ఇళ్లలో ఇన్వర్టరుకు వాడే 150 ఆంపియర్ గంటల బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు కాబట్టి అలాంటివి రెండు ఉండాలి. బ్యాటరీ నుంచి రేడియోకు వెళ్లే తీగ పొట్టిగా, లావుగా ఉండాలి, ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. జనరేటరు పెట్టక తప్పదంటే గాలి డేరాను దాటి వెళ్లే వైపున, డేరాకు దూరంగా, పొగ డేరా వైపు రాకుండా పెట్టండి.

రెండేసి గంటల షిఫ్టుల్లో ఒకరు మైకు దగ్గర, ఒకరు లాగ్ దగ్గర కూర్చోవాలి. బాగా అనుభవమున్నవారిని మొదటి గంటలకే వాడేసి అర్ధరాత్రి దాటాక కొత్తవారిని ఒంటరిగా వదిలేయడం చాలా క్లబ్బుల్లో కనిపించే లోపం. తెల్లవారుజాము 7 మెగాహెర్ట్జ్‌కు విలువైన వేళ. ఆ షిఫ్టుకు చెవి పదునున్న మనిషి కావాలి. సాయంత్రం 14, 21 మెగాహెర్ట్జ్‌లో యూరప్ దొరికే అవకాశం ఎక్కువ, పొద్దుపోయాక 7కు దిగాలి. ఉరుము వినిపించగానే కేబులు ఊడదీసి అందరూ యాంటెన్నాల దగ్గరి నుంచి పక్కకు రావాలి. జూలై సాయంత్రాల్లో ఇది జరగడానికి సిద్ధపడే ఉండండి.

స్టేషన్లు ఒకదానికొకటి చెప్పుకోవలసింది చాలా చిన్నది: సిగ్నలు రిపోర్టు (ఎంత బాగా వినపడుతోందో చెప్పే అంకెలు, మామూలుగా ‘ఫైవ్ నైన్’), ఐటీయూ జోను (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచాన్ని విభజించిన భాగాల సంఖ్య). భారతదేశం 41వ జోను కనుక మనం చెప్పేది ‘ఫైవ్ నైన్ ఫోర్ వన్’. నలుగురు ఒక్కసారి పిలిచినప్పుడు ‘ఎకో లీమా’ (ఇ, ఎల్ అక్షరాలు) మాత్రమే వినపడితే ‘ఎకో లీమా, ఫైవ్ నైన్ ఫోర్ వన్’ అని ఆ రెండు అక్షరాలతోనే బదులివ్వాలి. ‘మళ్లీ ఎవరు పిలిచారు’ అని అడిగితే నలుగురూ మళ్లీ ఒక్కసారే పిలుస్తారు. అతను పూర్తి కాల్‌సైన్ చెప్పగానే దాన్ని తిరిగి పలికి, ‘థాంక్యూ’ అని మన కాల్‌సైన్ చెప్పి ముందుకు సాగాలి. వాతావరణం ఎలా ఉందని అడగడానికి ఇది సమయం కాదు. ఒకే జోనులోని స్టేషనుకు, దేశ అమెచ్యూర్ సంఘాల ప్రధాన కేంద్రాల తరఫున నడిచే హెచ్‌క్యూ స్టేషనుకు 1 పాయింటు, మన ఖండంలోని వేరే జోనుకు 3, వేరే ఖండానికి 5. ప్రతి బ్యాండులోనూ కొత్త జోనులు, హెచ్‌క్యూ స్టేషన్లు గుణకాలవుతాయి (మొత్తం పాయింట్లను వాటి సంఖ్యతో హెచ్చిస్తారు) కాబట్టి, ఒక్క పాయింటే గదా అని హెచ్‌క్యూ స్టేషన్లను వదలకూడదు.

లాగ్ కంప్యూటరు గడియారాన్ని యూటీసీకి సరిచేయడం పోటీకి ముందే జరగాలి. పోటీ ముగిశాక క్యాబ్రిలో (కాంటెస్టు లాగులకు వాడే ప్రామాణిక ఫైలు పద్ధతి) రూపంలో ఫైలు తయారుచేసి, విభాగం పేరు, ఆపరేటర్లందరి కాల్‌సైన్లు సరిగా ఉన్నాయో చూసుకొని, నిబంధనల్లో చెప్పిన గడువులోపే పంపాలి. అనుమానంగా విన్న కాల్‌సైన్లను తర్వాత ఇంటర్‌నెట్లో వెతికి సవరించడం నిజాయితీ కాదు. నిర్వాహకులు రెండు వైపుల లాగులనూ పోల్చి చూస్తారు. సరిగా వినపడనిది తప్పుగానే ఉన్నా, రాత్రి ఆపరేటరు రాసింది రాసినట్టే పంపండి.