పాత బేస్ గిటార్‌ను ఇంట్లోనే బాగుచేసుకుందాం

మా కాజీపేటలో మే ఎండకు ఆరిపోయిన చెక్క వానలు పడగానే తేమ పీలుస్తుంది. అందుకే చర్చి బ్యాండ్ వాళ్లు పాత బేస్ తెచ్చిస్తే నేను ముందు నెక్ (తీగలు సాగే పొడవాటి చెక్క మెడ) చూస్తాను. రంగు, పాలిష్ తర్వాతి సంగతి.

తీగలను శ్రుతిలోనే ఉంచి, మందపాటి తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కమ్మీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టండి. ఏడో ఫ్రెట్‌కూ తీగకూ మధ్య 0.3 మి.మీ. సందుంటే చాలు. బాగా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి కడ్డీ) నట్టును కుడివైపు పావు చుట్టు తిప్పి, ఆ రాత్రికి వదిలేయండి. బిగుసుకుంటే బలవంతం వద్దు. రాడ్ తెగితే నెక్ దాదాపు పోయినట్టే.

ఫ్రెట్లను స్టీల్ ఊల్‌తో రుద్దేముందు పికప్‌లకు (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంత భాగాలకు) టేపు అంటించాలి. ఆ ఇనుప రజను అయస్కాంతానికి పట్టిందంటే వదలదు.

నాబ్ తిప్పితే గరగరలాడుతోందా? కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూఇటూ తిప్పండి. తగ్గకపోతే పాట్ (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్) మార్చడమే. మామూలు పాసివ్ (బ్యాటరీ లేని) బేస్‌కు 250 కిలో ఓమ్‌లది, టోన్‌కు 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ సరిపోతాయి. ఇంకా మెత్తటి, బరువైన నాదం కావాలంటే 0.1 వేసి చూడండి, నాకైతే కీర్తనలకు అదే ఇష్టం.

చివరగా 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది హెచ్చుగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) నెక్‌కు దూరంగా వెనక్కి జరపండి, తగ్గితే ముందుకు.