పాత మ్యాప్‌ను స్కానర్ మీద పెట్టే ముందు

జియోరిఫరెన్సింగ్ (స్కాన్ చేసిన మ్యాప్‌ని నేల మీది అసలు స్థానాలకు సరిపెట్టడం) సరిగ్గా కూర్చోకపోతే సాఫ్ట్‌వేర్‌ని అనుమానిస్తాం. చాలాసార్లు అసలు పొరపాటు స్కానర్ దగ్గరే జరిగిపోయి ఉంటుంది.

కాగితం తేమకు సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అదీ నిలువుకీ అడ్డానికీ ఒకేలా ఉండదు. అందుకని చుట్టలోంచి తీసిన మ్యాప్‌ని వెంటనే స్కాన్ చేయకండి. ఒక రోజు బల్ల మీద పరిచి, అంచుల మీద బరువులు పెట్టి ఉంచండి. మడత దగ్గర చిరిగిందని సెల్లోటేప్ మాత్రం అంటించకండి, ఆ జిగురు కొన్నాళ్లకు పసుపు మరకగా మిగిలిపోతుంది.

వీలైతే ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడండి. ఒకసారి నేను రోలర్ స్కానర్‌లో పంపిన షీటు మధ్యలో కాస్త జారింది. స్క్రీన్ మీద చూస్తే అంతా బాగానే ఉంది. గ్రిడ్ గళ్లు కొలిస్తే పైన చదరంగా ఉన్నవి కిందికి వచ్చేసరికి సాగిపోయాయి. అప్పటినుంచీ ముందు ఒక స్టీలు స్కేలు స్కాన్ చేసి చూసుకుంటున్నాను. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, 20 సెంటీమీటర్లకు సుమారు 2,362 పిక్సెళ్లు రావాలి. స్కేలును అడ్డంగా, నిలువుగా రెండుసార్లు పెట్టి చూడండి.

300 డీపీఐలో ఒక పిక్సెల్ అంటే కాగితం మీద 0.085 మిల్లీమీటర్లు. 1:50,000 మ్యాప్‌లో అది నేల మీద 4 మీటర్ల పైమాటే. సన్నని కాంటూర్ గీతలుంటే (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) 400 పెట్టుకోండి. 60×70 సెంటీమీటర్ల షీటు రంగుల్లో 300 ఎంబీ దాకా వస్తుంది, డిస్క్‌లో చోటు చూసుకోండి. సేవ్ చేసేది టిఫ్‌లోనే. జేపెగ్‌లో గీతల చుట్టూ మసక చేరుతుంది, తర్వాత గీతలను రంగును బట్టి విడదీయాలంటే తలనొప్పి.

ఆటో క్రాప్, ఆటో షార్పెన్ ఆపేయండి. మార్జిన్ అసలు కత్తిరించొద్దు. డేటమ్ (కొలతలకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా), ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా చూపే పద్ధతి), గ్రిడ్ అంకెలు, సర్వే సంవత్సరం అన్నీ ఉండేది అక్కడే.

కంట్రోల్ పాయింట్లు (అసలు స్థానం తెలిసిన బిందువులు) గ్రిడ్ గీతలు కలిసే చోట, నాలుగు మూలలా, మధ్యలో కూడా పెట్టండి. ఫస్ట్ ఆర్డర్ పాలినామియల్‌కి (మ్యాప్‌ని జరిపి, తిప్పి, సాగదీసి సరిపెట్టే సాదా లెక్క) మూడు చాలు, కానీ మూడే పెడితే ఎర్రర్ ఎప్పుడూ సున్నా చూపిస్తుంది. తప్పు పాయింట్ పెట్టినా తెలియదు. కనీసం ఎనిమిదో తొమ్మిదో పెట్టండి.

మ్యాప్ తిరిగిచ్చే ముందు ఫైల్‌ని 100 శాతం జూమ్‌లో తెరిచి, నాలుగు మూలలూ, మడతల దగ్గరి అక్షరాలూ చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.