సెకండ్‌హ్యాండ్‌లో స్పోర్టీ కారు కొనడం ఎలా? ఇంట్లో వాళ్ళు కూడా ఎక్కేలా

నలభై దగ్గరపడుతున్నా కారు అనగానే మైలేజీ కంటే ముందు పికప్ గురించి అడిగే వాళ్ళ కోసం రాస్తున్నాను. నేనూ ఆ బాపతే. ఇంట్లో మోకాళ్ళ నొప్పులతో అమ్మ, ఇద్దరు పిల్లలు, సంక్రాంతికి ఊరికి పోయి వస్తుంటే డిక్కీ నిండా బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు, ఇవన్నీ ఉన్నా హైవే ఎక్కగానే కాలు యాక్సిలేటర్ మీద నిలవదు. పోయినేడు నెల్లూరు, ఒంగోలు, చెన్నై మధ్య మూడు నెలలు తిరిగి, ఒకసారి మోసపోబోయి ఆగి, చివరికి ఒక కారు తెచ్చుకున్నాను.

కొత్తది ఎందుకు కొనలేదంటే ధర వినండి. స్కోడా వాళ్ళ స్పోర్టీ సెడాన్ ఆక్టేవియా వీఆర్ఎస్ 2020లో ఇక్కడికి వచ్చినప్పుడు షోరూమ్ ధర సుమారు 36 లక్షలు. 2025 అక్టోబరులో మళ్ళీ తెచ్చారు, 49.99 లక్షలు, అదీ దేశం మొత్తానికి 100 కార్లే. అదే ఏడాది వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలు. దీని మీద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ వేసుకుంటే నెల్లూరులో ఒక ఫ్లాట్ గురించి మాట్లాడుకోవచ్చు. కొత్తవి ఇలా పైకి పోతుంటే పాతవి కూడా దిగడం లేదు, ముఖ్యంగా కంపెనీ ఆపేసిన మోడళ్ళు.

1. ముందు డబ్బు లెక్క, తర్వాతే కారు

చేతిలో 8 లక్షలుంటే 8 లక్షల కారు చూడకండి. ఆరు, ఆరున్నరలో చూడండి. మిగతాది మొదటి ఏడాది ఖర్చు. టైర్లు నాలుగూ మార్చాల్సి రావచ్చు, బ్రేక్ డిస్కులు అరిగి ఉండొచ్చు, ఆయిల్ ఎప్పుడు మార్చారో దేవుడికే తెలుసు, పక్క రాష్ట్రం బండి అయితే పన్ను సరేసరి. చాలామంది ఉన్నదంతా కారు మీద పెట్టేసి, ఆరు నెలలకు సర్వీసు బిల్లు చూసి దాన్ని షెడ్డులో వదిలేస్తారు. పాత కార్ల మీద లోను వడ్డీ కొత్త కార్ల కంటే ఎక్కువ ఉంటుంది, అదీ కలుపుకోండి.

ఇంకో విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకు ముందు 28 శాతం, పైన సెస్సు. కాబట్టి ఇంకా తయారవుతున్న చిన్న కారును సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే, ఉదాహరణకు ఐ20 ఎన్ లైన్, అమ్మేవాళ్ళు జీఎస్టీ తగ్గకముందు షోరూమ్ ధరను పట్టుకుని లెక్క చెబుతారు. మీరు ఈరోజు షోరూమ్ ధర కనుక్కుని అక్కడి నుంచి కిందికి దిగండి. ఆగిపోయిన మోడళ్ళకు ఈ వాదన పనిచేయదు, వాటికి పోల్చడానికి కొత్తది లేదు కదా.

2. వెనక సీట్లో కూర్చునేవాళ్ళని తీసుకుపోండి

నేను చేసిన మొదటి తప్పు ఒక్కడినే పోయి చూడటం. కారు చూసి మురిసిపోయి ఫొటోలు పంపాను, ఇంట్లో అందరూ బాగుంది అన్నారు. రెండోసారి అమ్మను తీసుకుపోతే వెనక సీట్లోకి దిగబడి, పైకి లేవలేక డోరు పట్టుకుని, "ఇందులోంచి బయటికి రావాలంటే నాకు క్రేను కావాలి నాయనా" అంది. ఆ కారు కథ అక్కడితో సరి.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మీద మోజు లేనివాడు మనలో ఎవడూ ఉండడు. 105 హార్స్‌పవర్, చిన్న బండి, బిగుతైన స్టీరింగ్. కానీ డిక్కీ 280 లీటర్లే, వెనక సీట్లో పెద్దవాళ్ళ మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాయి. పైగా 2020కి ముందు వాటిలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ డ్రై క్లచ్ రకం, ట్రాఫిక్‌లో వేడెక్కి జెర్కులివ్వడం దానికి ఉన్న పేరు, గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే లక్ష దాటే మాట. 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ ఆటోమేటిక్‌లో మామూలు టార్క్ కన్వర్టర్ పెట్టారు, నాకైతే అదే నయం. అబార్త్ పుంటో అయితే 145 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు, నాలుగు చక్రాలకూ డిస్కులు, అన్నీ బాగానే ఉంటాయి, కానీ ఫియట్ ఇక్కడ దుకాణం సర్దేసి ఏళ్ళయింది. బంపరు పగిలితే ఎక్కడెక్కడ వెతకాలో ఆలోచించుకోండి.

ఇంట్లో ఉన్నది ఒకే కారు అయితే నా సలహా సూటిగా చెప్తాను, సెడాన్‌లో పవర్ వెతకండి. స్కోడా స్లావియా 1.5, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ 2022లో వచ్చాయి, రెండిట్లోనూ 150 హార్స్‌పవర్ ఇంజన్, డిక్కీ 521 లీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 179 మిల్లీమీటర్లు. ఇప్పుడు మూడు నాలుగేళ్ళవి మార్కెట్లోకి వస్తున్నాయి. 2023 వెర్నా టర్బో 160 హార్స్‌పవర్. చూడటానికి స్కూలు ఫీజు కట్టడానికి పోయే కార్లలాగే ఉంటాయి, టోల్‌గేటు దాటాక తెలుస్తుంది. బియ్యం బస్తా కూడా పడుతుంది.

కొనేముందు ఒక్క ఫోను చేయండి. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మీకు ఎంత దూరంలో ఉంది? కావలి దగ్గర ఆగిపోతే బండిని నెల్లూరుకు లాగాలా, చెన్నైకి లాగాలా? నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్ల పైమాటే, ఆ దూరానికి టోయింగ్ ఖర్చు ఎంతవుతుందో ముందే అడిగి పెట్టుకోండి.

3. నీళ్ళలో మునిగిన బండా కాదా

దీని మీద ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనం ఉన్న చోటు అలాంటిది. హైవే మీద ఒకవైపు చెన్నై, ఇంకోవైపు విజయవాడ. చెన్నైలో 2015 డిసెంబరు వరదలు, 2023లో మిచాంగ్ తుఫాను. విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర హైవేనే తెగింది. ప్రతిసారీ చాలా బండ్లు మునిగాయి. వాటిలో కొన్నిటికి ఇన్సూరెన్సు వాళ్ళు మొత్తం నష్టం కింద డబ్బిచ్చేసి బండిని వేలంలో అమ్మేస్తారు, వాటిని కొన్నవాళ్ళు కడిగి తుడిచి మెరిపించి మళ్ళీ మన ముందుకే తెస్తారు.

నేను చెన్నైలో చూసిన ఎర్ర హ్యాచ్‌బ్యాక్ అలాంటిదే. ఎండలో మెరిసిపోతోంది. లోపల మంచి సెంటు వాసన, కొంచెం ఎక్కువే ఉంది. నాతో వచ్చిన మెకానిక్ ఏమీ మాట్లాడకుండా డిక్కీ తెరిచి, స్టెప్నీ బయటికి తీసి, ఆ గుంటలో వేలు పెట్టి మూలన రుద్దాడు. వేలికి మెత్తటి బూడిదరంగు ఒండ్రు అంటింది, ఆరిపోయిన పిండిలాగా. తర్వాత ముందు సీటు బెల్టును చివరిదాకా లాగాడు. పైన మూరెడు శుభ్రంగా ఉంది, లోపల చుట్టుకుని ఉండే భాగం దగ్గర అడ్డంగా ఒక మట్టి గీత. బ్రోకర్ కాసేపు ఫోనులో మాట్లాడుతున్నట్టు నటించి పక్కకు పోయాడు.

మీరూ అదే చేయండి. స్టెప్నీ గుంట, సీటు బెల్టు, సీటు పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ ఎత్తితే కింద తేమ ఉందా, వెనక లైట్ల లోపల నీటి మరకలున్నాయా, డాష్‌బోర్డు కింద వైర్ల సాకెట్ల మీద పచ్చగా తెల్లగా పొక్కు ఉందా. పాత బండిలో కార్పెట్ మాత్రం కొత్తగా ఉంటే అడగండి, ఎందుకు మార్చారని.

సముద్రం ఒడ్డు బండ్లు ఇంకో రకం. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల మీద తిరిగిన బండ్లకు పైన పెయింటు బాగానే ఉంటుంది, కింద ఉప్పు గాలికి తుప్పు తింటుంది. లిఫ్టు మీద ఎక్కించి అడుగు చూడకుండా డబ్బివ్వకండి. చీమకుర్తి వైపు గ్రానైటు లారీల వెనక తిరిగినవైతే అద్దం మీద చిన్న చిన్న రాళ్ళ దెబ్బలుంటాయి, వాటితో పెద్ద ఇబ్బంది లేదు, బేరానికి పనికొస్తాయి.

4. తోలి చూడటం

పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారాక మళ్ళీ వస్తానని చెప్పి టీ తాగి రండి, మొహమాటం వద్దు. టర్బో బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనకాల ఒకరిని నిలబెట్టి పొగ చూడమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోంది, వదిలేయండి.

నెల్లూరులో అయితే సాయంత్రం ఆరున్నరకు వీఆర్సీ సెంటర్, గాంధీబొమ్మ మధ్య తోలండి. అడుగులో అడుగేసుకుంటూ పోయే ఆ ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గుట్టు మొత్తం బయటపడుతుంది. ఒకటి, రెండు గేర్ల మధ్య వణుకుతుందా, కుదుపిస్తుందా. తర్వాత హైవే ఎక్కి వందలో చేతులు కొంచెం వదులు చేసి చూడండి, పక్కకు లాగుతుందా. స్పీడు బ్రేకర్ల మీద మాత్రం ఇంట్లో వాళ్ళందరినీ ఎక్కించుకుని ఎక్కించండి. ఒక్కరే ఉన్నప్పుడు తగలని అడుగు ఐదుగురుంటే కీస్‌మని గీరుకుంటుంది.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. మీటరు 30 వేలు చూపిస్తూ, బండి 2019ది, టైర్లు 2023వి అయితే, లేదా స్టీరింగు తోలు, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరు వెనక్కి తిప్పారేమో అనుమానించండి. కంపెనీ సర్వీసు రికార్డు అడిగితే ఏ నెలలో ఎన్ని కిలోమీటర్లో తెలిసిపోతుంది. బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్ ఉన్న మెకానిక్ కూడా ఉంటే మంచిది. ఆయనకిచ్చే వెయ్యి, రెండు వేలు ఆదా చేసుకోబోయి నా బామ్మర్ది లక్ష పోగొట్టుకున్నాడు, ఇప్పటికీ ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

5. కాగితాలు

ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, అన్నీ కనిపిస్తాయి. చలానాలు వేరుగా చూసుకోండి, స్పోర్టీ బండ్లకు స్పీడు చలానాలు తక్కువేం ఉండవు. ఛాసిస్ నంబరు ఆర్సీతో పోల్చండి, అంకె అంకె.

మన రాష్ట్రం బండి, అంటే పాత ఏపీ 26, ఏపీ 27 అయినా, 2019 తర్వాతి ఏపీ 39 అయినా, పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు. అమ్మినవాళ్ళు 14 రోజుల్లో ఆర్టీఓకు తెలియజేయాలి, మీరు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. లోను తీరినదైతే అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో లోను కొట్టేయించే ఫారం 35 చేతికొచ్చాకే మిగతా డబ్బు. తమిళనాడు, తెలంగాణ బండి అయితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ కోసం ఫారం 28, ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. చెన్నైలో లక్ష తక్కువకు వస్తోందని సంబరపడేవాళ్ళు ముందు ఆ పన్ను ఎంతో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి, చాలాసార్లు ఆ లక్ష అక్కడే హరీ అంటుంది. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ బండ్ల వెనక, పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షలు ఉండొచ్చని గుర్తుంచుకోండి.

ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకు మార్చుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాత ఓనరుది, మీకు రాదు, ఆ తేడా కట్టమంటారు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తప్పకుండా తీసుకోండి. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జిలో వాన పడినప్పుడు ఎంత నీళ్ళుంటాయో చూసినవాళ్ళకు ఎందుకో చెప్పక్కర్లేదు. నీళ్ళు ఇంజన్‌లోకి పోతే మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు.

6. బేరం, తర్వాత మొదటి నెల

అడ్వాన్స్ ఇస్తే కాగితం మీద రాయించుకోండి, కారు నంబరు, ధర, ఎన్‌ఓసీ రాకపోతే డబ్బు వాపసు అన్న మాటతో సహా. డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి ఖాతాకే వేయండి, బ్రోకర్ ఖాతాకు కాదు. టైర్లు, బ్రేకులు, బ్యాటరీ ఖర్చు లెక్కేసి ఆ మొత్తం తగ్గించమనండి. ఊరికే తగ్గించమంటే ఎవరూ వినరు.

తెచ్చిన వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. పాత ఓనరు ఏం చెప్పినా సరే. 2023 ఏప్రిల్‌కు ముందు బండి అయితే ఇప్పుడు బంకుల్లో వచ్చే, 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలుకు తగ్గట్టు చేసింది కాకపోవచ్చు, పెట్రోలు పైపుల రబ్బరు ఒకసారి చూపించండి, నెలల తరబడి ట్యాంకు నింపి కదపకుండా ఉంచకండి.

పాత ఫాస్టాగ్ పీకేసి మీ పేరుతో కొత్తది వేయించుకోండి. నేను మర్చిపోయి రెండు వారాలు తిరిగాను. ఒక ఆదివారం పొద్దున్నే పాత ఓనరు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "అన్నా, టంగుటూరు టోల్‌గేటు దాటినట్టున్నారు, కారు బాగా పోతోందా?" అని అడిగాడు.